నల్గొండ ఎండలో చలి పెట్టిన కారు

మా కట్టంగూరులో మనిషికి జ్వరమొస్తే దవాఖానకు పొమ్మంటారు. కారుకు జబ్బు చేస్తే మాత్రం ప్రతివాడూ డాక్టరే.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు పాత పెట్రోలు కారొకటి కొన్నాం. మా వాడకు కారు రావడం అదే మొదలు. మా బాపు చెప్పులు చేతబట్టుకుని దాటిన వీధిలో నేను హారన్ కొట్టుకుంటూ పోతుంటే, అవసరం లేని చోట కూడా ఇంకోసారి కొట్టబుద్ధయ్యేది. కొట్టేవాణ్ని కూడా. అయితే కారు కొన్నది హారన్ కోసం కాదు, మా ఆమె మోకాళ్ల కోసం. ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ ఆమె మోకాళ్లు వంగడం మానేశాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో ముడుచుకుని కూర్చోలేదు. నల్గొండలో ఆమె పుట్టింటివాళ్ల చర్చిలో, ఆడవాళ్ల పాటల బృందానికి చిన్ననాటి నుంచీ ఆమెదే పైగొంతు. ప్రతి ఆదివారం ముందు సీటులో కాళ్లు చాపుకుని కూర్చుని, దారి పొడుగునా గొంతు సవరించుకునేది.

ఆ కారు ఉన్నట్టుండి పెట్రోలు తాగడం మొదలుపెట్టింది. మా కొడుకు నల్గొండలో నౌకరీ చేస్తాడు, పెట్రోలు పోయించేది వాడే. ఒకరోజు అన్నం ముందు తేల్చేశాడు.

"బాపు, గీ బండి పెట్రోలు తాగుతలేదు, తానం జేస్తాంది. అమ్మేద్దాం. బేరమాయన వచ్చే ఆయితారం పగటీలి వస్తడు."

"మీ అమ్మ ఎట్ల పోతదిరా?"

"ఊళ్లె చర్చి లేదా? దేవుడు అన్ని జాగలల్ల ఉంటడు గద."

దేవుడు ఉంటాడు సరే, పాట ఉండొద్దా? తిన్న తర్వాత మా ఆమె తన పాటల పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టమని నా చేతికిచ్చింది. నేను పెట్టనన్నాను.

"నువ్వు పెట్టకుంటె కారు తాగుడు మానేస్తదా?" అంది.

అప్పటికే సలహాలు చాలా అయ్యాయి. బంకులో వాడు ఖరీదైన పెట్రోలు పోయించమన్నాడు. అప్పులవాణ్ని ఇంకా పెద్ద హోటలుకు పంపినట్టుంది ఆ సలహా. గొర్లు కాసే పక్కింటాయన దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టిపోయాడు. పాస్టరు గారు బానెటు మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను. ఇంజను అనలేదు. మా కొడుకు ఫోనులో ఎవడో చెప్పాడని ఏదో సీసా తెచ్చి ట్యాంకులో పోశాడు. కారు అది కూడా తాగింది.

నాకు బడి చదువు ఏడో తరగతితో సరి. కానీ చదువుకున్నవాళ్లు చేసే తప్పు నేను చేయను. డబ్బు పెట్టేముందు, డబ్బు పెట్టకుండా చూడగలిగినవన్నీ చూస్తాను. టైర్లలో గాలి సరిపెట్టించాను. గాలి ఫిల్టరు విప్పితే పత్తి సీజను దుమ్మంతా అందులోనే ఉంది, దులిపి పెట్టాను. కొంచెం నయమైంది, చెప్పుకునేంత కాదు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని, గేరు తీసేసి వాకిట్లో వెనక నుంచి నెట్టాను. లోపల కూర్చున్న మా ఆమెతో సహా సులువుగా దొర్లింది. స్పార్కు ప్లగ్గులు విప్పాను. వత్తి పెంచిన కందిలి బుడ్డిలా నల్లగా మసిబట్టి ఉన్నాయి. అంటే ఇంజనుకు అందుతున్న పెట్రోలు ఎక్కువ, కాలుతున్నది తక్కువ. ఎందుకు ఎక్కువ అందుతోంది?

నల్గొండ దాకా పోయి వస్తూ స్టీరింగు ముందున్న ముళ్లను చూస్తూ కూర్చున్నాను. ఇంజను వేడిని చూపే ముల్లు అడుగున పడుకుని ఉంది. ఎండ దంచుతున్నా లేవలేదు. నెలల తరబడి ఆ ముల్లును చూసి, ఇంజను ఎంత చల్లగా ఉందో అని అందరం మురిసినవాళ్లమే.

అప్పుడు నాకు పటేలు బావి గుర్తొచ్చింది. బడి మాన్పించి నన్ను అక్కడ నీళ్లు తోడే ఇంజను నడపడానికి పెట్టారు. దాన్ని పెట్రోలుతో మొదలుపెట్టి, ఒళ్లు కాలేంత వేడెక్కాకే కిరసనాయిలుకు తిప్పాలి. తొందరపడి తిప్పితే నల్లపొగ కక్కి చచ్చేది. దాని వెంట పటేలు తిట్లు. చల్లని ఇంజనుకు తాగింది అరగదని నేను తెలుసుకున్నది ఏ కాలేజీలోనూ కాదు, ఆ తిట్లలో. ఈ కారు కూడా అంతే. ఒళ్లు వేడెక్కలేదు కాబట్టి, ఇంకా పొద్దుటి చలిలోనే ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ పోసుకుంటోంది.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి మిగిలింది. కూలరు వచ్చిన అట్టపెట్టెను కోసి, రేడియేటరుకు గాలి తగలకుండా ముందు సగం మేర అడ్డం కట్టాను. పక్కింటాయన గోడ మీద నుంచి చూశాడు.

"ఏందన్నా, కారుకు సలి వెడ్తాందా? నా గొంగడి ఇయ్యాల్నా?"

"ఇయ్యి. నీ గొర్లకన్న దీనికే అక్కెరున్నది."

"ఎండలకు నీ తలకాయ ఉడికింది గని, బండి ఉడకలే."

ముల్లు మీదే కన్నుంచి హైవే మీద నడిపాను. అది మెల్లగా లేచి నడిమికొచ్చి నిలబడింది. దిగి వెనక్కి పోయి చూస్తే, పొగగొట్టం దగ్గర రోజూ వచ్చే పచ్చి పెట్రోలు వాసన లేదు. అట్ట పీకేసి నేరుగా మెకానిక్కు దగ్గరికి పోయాను. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు ఒకటుంటుంది. అది చెడిందేమో చూడమన్నాను.

"గా వాల్వా? పోయిన ఎండకాలం బండి ఉడికిందని మీ పోరడు తెస్తే గప్పుడే పీకి పారేసిన కాకా."

"పీకుడెందుకు?"

"గది సలి దేశపోళ్లకు. మన నల్గొండ ఎండలకు దాంతోని ఏం పని? నా చేతికొచ్చిన బండ్లన్నిట్ల పీకిన. సల్లగుంటయి."

"సల్లగుంటె మంచిదైతే, నీ పొయ్యిల నీళ్లు వోసి అన్నం వండుకో. కొత్తది తెచ్చి పెట్టు."

"మల్ల ఉడికితె నన్ను అనొద్దు."

ఉడకకుండా ఉండాలంటే అసలు ఎందుకు ఉడికిందో చూడాలి కదా. రేడియేటరు విప్పించాను. గొట్టాల నిండా తెల్లటి పెచ్చులు. మా బోరు నీళ్లు. ఆ నీళ్లు మంచివేనని మాకు చెప్పినవాళ్లు పట్నం నుంచి సీసాలు తెచ్చుకుని తాగుతూ చెప్పారు. మనుషుల మోకాళ్లనే బిగించిన జిల్లా నీళ్లు ఇనుమును వదులుతాయా? పెచ్చులన్నీ కడిగించి, ఈసారి కూలెంటు పోయించాను. కొత్త వాల్వుతో కలిపి మొత్తం ఖర్చు చుట్టాలొస్తే కోసే కోడికి అయినంత.

కొడుకుతో ట్యాంకు మూతి దాకా నింపించి అన్నాను. "గీ వారం ఆఫీసుకు నువ్వే నడుపు. ఆయితారం మీ అమ్మను చర్చికి తీస్కపో. వచ్చేటప్పుడు ఇదే బంకుల నింపు. గప్పుడు గూడ ఎక్కువ తాగితే నీ ఇష్టం."

ఆ ఆదివారం ముగ్గురం పోయాం. మా ఆమె దారిలో గొంతు సవరించుకోలేదు. చర్చిలో మాత్రం కడసారి పాడుతున్నట్టే పాడింది, పాటయ్యాక ఆడవాళ్లందరూ ఆమె చుట్టూ చేరారు. తిరిగి వస్తూ బంకులో ఆగాం. పెట్రోలు పోస్తుంటే పైపు తొందరగానే టక్కుమని ఆగిపోయింది. మా కొడుకు నమ్మలేదు.

"మిషన్ మంచిగనే ఉందా అన్నా? ఇంకింత వోయి."

"నిండింది సార్. ఇంక వోస్తె కింద పోతది."

వాడు ఫోను తీసి లెక్క వేశాడు. తుడిచేసి మళ్లీ వేశాడు. ముందు సీటు నుంచి మా ఆమె అడిగింది.

"ఏమాయెరా?"

"మైలేజీ మంచిగనే ఇచ్చిందమ్మా," అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు ముఖం పెట్టి. తర్వాత పక్కకు పోయి బేరమాయనకు ఫోను చేశాడు. "ఇయ్యాల రాకుండ్రి అన్నా. లే, లే, రేటు గురించి కాదు. అమ్ముతలేం."

వాడు వచ్చి కూర్చుని తలుపు వేసేదాకా ఆమె ఆగింది.

"అయితే క్రిస్మస్ చీరలకు నారాయణపేట పోదాం. పాట పాడే ఆడోళ్లందరికి ఒక్క తీరువి. నేనే ఏరుతనని అందరికి మాటిచ్చిన."

"ఎప్పుడిచ్చినవే?" అన్నాను నేను.

"ఇందాకనే. పాటయినంక."

"నారాయణపేటనా? గంత దూరమా అమ్మా?"

"ఇప్పుడు తాగుతలేదు గదరా!"

మా కొడుకు అద్దంలో నా వైపు కొరకొరా చూశాడు. వెనక బండివాడు జరగమని అరుస్తున్నాడు. నేను బయటికి చూస్తూ, నారాయణపేటకు ఏ దారిన పోతే గుంతలు తక్కువో ఆలోచించడం మొదలుపెట్టాను.