ఖాళీ గొట్టాలు

ప్రయోగశాలలో ఆమెను అందరూ తళతళమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ గాజుసామాను కడుగుతోంది. ఆమె కడిగిన సీసాలో మరక ఉందని ఎవరైనా అంటే, వాళ్ల కళ్లద్దాలు తీసుకుని కడిగి ఇస్తుంది.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఎలుకల మీద పనిచేస్తుంది. ఒకరోజు టీ తాగుతూ చెప్పింది.

"రేడియేషన్ తగిలిన ఎలుక కణాలు సన్నటి సంచులు వదుల్తాయి పిన్నీ. కంటికి ఆనవు. వాటిని తీసి, రేడియేషన్ మొహమే చూడని ఎలుకకి ఎక్కిస్తే, దాని ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు కూడా దెబ్బతింటాయి."

"ఇందులో వింతేముంది? మా ఆయనకి ఆఫీసులో మేనేజరు అక్షింతలు వేస్తే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయి."

"ఆ సంచుల్లో ఏముందో పట్టుకోవాలనే నా తాపత్రయం."

"ఏముంటుందమ్మా, మేనేజరు."

ఆ గురువారం డాక్టరమ్మ తన ఆరు వారాల పనిని యంత్రంలో గిరగిరా తిప్పి, సంచులను గొట్టాల అడుక్కి దించింది. పైనీళ్లు పారబోసి, ఆరు గొట్టాలనూ తొట్టి పక్కన పెట్టి, ఐసు కోసం కిందికి వెళ్లింది.

తొట్టి పక్కన పెట్టినవన్నీ తళతళమ్మవే. అది ఆ గదిలో పాత ఆనవాయితీ. గొట్టాలు ఖాళీ. పైగా ప్రతిదానికీ అడుగున పక్కగా ఒక నల్ల చుక్క. ఆమెకు ఒళ్లు మండింది. నాలుగింటిని తోమేసింది. ఐదోదాని మీద గోరు పెట్టబోయి ఆగింది. మరకలన్నీ ఒకే చోట ఎందుకుంటాయి?

వెనక ఐసు డబ్బా కింద పడింది.

"పిన్నీ! ఆ చుక్కల దగ్గరే సంచులున్నాయి. కనబడవని పెన్నుతో గుర్తు పెట్టాను."

తళతళమ్మ మోచేతి మీంచి నురగ కారుతోంది. తన శుభ్రత మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

"నా ఉద్యోగం తీయించెయ్యమ్మా. ముందు మిగిలిన ఆ రెండూ చూడు."

ఒకటి రేడియేషన్ తగిలిన ఎలుకది, రెండోది పోల్చి చూసేందుకు పెట్టుకున్న తగలని ఎలుకది. డాక్టరమ్మ వాటిలో నీళ్లు పడలేదని వెలుతురులో తిప్పి చూసి, కుర్చీలో కూలబడింది.

"చెరో ఎలుకకి సరిపోతుంది. మిగతాది మళ్లీ మొదట్నించీ. తొట్టి పక్కన పెట్టింది నేనేగా! వచ్చే ఆరు వారాలూ గొట్టాలకి నువ్వే కాపలా."

సాయంత్రం ఇంట్లో భర్త టీ తాగి, కప్పును ఠంగుమని బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని దీపం వైపు ఎత్తి పట్టుకుంది.

"ఏం చూస్తున్నావ్? ఖాళీయే."

"ఖాళీవాటితోనే భయం. చెప్పండి, మేనేజరేమన్నాడు?"

ఆయన కాసేపు గొణిగాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కప్పు కడగకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.