సర్పంచ్ సూరమ్మ పెద్దమ్మ

మొన్న నరసన్నపేట బస్టాండులో నిలబడి ఉంటే ఘాటైన చుట్టవాసన తగిలింది. తిరిగి చూశాను. ఒక ముసలావిడ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. అలా చుట్ట కాల్చేవాళ్లు ఇప్పుడు మా వైపు కూడా తగ్గిపోయారు. నాకు సూరమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. మా ఊరికి సర్పంచ్ అయిన మొదటి ఆడమనిషి ఆవిడే. చుట్టరికం లేదు, మా పక్కింటావిడ. మా అమ్మ అక్క వరసలో 'అప్పా' అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది.

సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఏడు, ఊరిపెద్ద అప్పలనాయుడు గారే ఆవిడ చేత నామినేషన్ వేయించారు. భర్త లేడు, చదువు అంతంతమాత్రం, చూపించిన చోట సంతకం పెడుతుందనుకున్నారు. గెలిచాక మొదటి సమావేశంలో ఆయన అలవాటుగా సర్పంచ్ కుర్చీ వైపు నడిచారు.

"నువ్వు ఇంటికాడుండమ్మా, సంతకాలకి మనిషిని పంపుతాను" అన్నారు.

పెద్దమ్మ చుట్ట ఆర్పి కొంగున ముడేసుకుంది. "ఓట్లు నాకేసినారు గదా బావా. పని నానే సేస్తాను. నువ్వు పక్కన కూకో, తెలీకపోతే అడుగుతాను."

నిజంగానే అడిగేది. నచ్చకపోతే వినేది కాదు.

అప్పట్లో ఆడవాళ్లు ఊరి పక్క వాగు, ఆ గెడ్డలో ఇసక తవ్వి, ఊరిన నీళ్లు ముంచుకుని ఇళ్లకు మోసేవారు. పెద్దమ్మ చద్దన్నం మూట కట్టుకుని మండలాఫీసు వరండాలో కూర్చునేది. "రేపు రమ్మంటే రేపొస్తాను బాబూ. నీళ్లొచ్చీదాకా వస్తునే ఉంటాను" అనేది. చివరికి ఇంజనీరు ఊరికి వచ్చాడు. ఆయన్ని పంచాయతీ ఆఫీసుకు కాదు, తిన్నగా గెడ్డలోకి నడిపించింది. మరుసటి వేసవికి ట్యాంకు లేచింది.

ప్రారంభం రోజు ఊరంతా బిందెలతో చేరింది. పెద్దమ్మ కుళాయి మీద చెయ్యి వేయబోతుంటే అప్పలనాయుడు గారు మెల్లగా అడ్డుపడ్డారు. "ఏటీ అనుకోకమ్మా. శుభమా అని నీళ్లొస్తన్నాయి. ముత్తయిదువు సేత తిప్పిద్దాం."

పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. జనంలోకి చూసింది. మా నాన్న పోయి అప్పటికి ఏడాది. అమ్మ అందరి వెనకా గోడవార నిలబడి ఉంది.

"ఒసే పారమ్మా, ఇలా రా."

"నానెందుకప్పా" అంటూ అమ్మ ఇంకా వెనక్కి జరిగింది.

"ఈ ఊరి పెళ్లిళ్లకి నీళ్లు మోసి మోసి నీ మెడ వంగిపోనాది. మోసినప్పుడు ఎవులూ అడగలేదు, ముత్తయిదువువా కాదా అని. రాయే, నువ్వే తిప్పు."

అమ్మ వచ్చింది. వణుకుతున్న ఆ చెయ్యి మీద పెద్దమ్మ తన చెయ్యి వేసింది. నీళ్లు దూకాయి. ఎవరూ బిందె పట్టలేదు. అప్పుడు అప్పలనాయుడు గారి భార్యే ముందుకొచ్చి బిందె పెట్టింది. "ఇంకా సూస్తారేటి, నీళ్లు పోతన్నాయి" అంది.

తరవాతి ఎన్నికకు పదవి అందరికీ తెరిచారు. అప్పలనాయుడు గారే పోటీకి దిగారు. పెద్దమ్మే గెలిచింది. ఆవిడ మెడలో మొదటి దండ వేసింది కూడా ఆయనే. ఆ తరవాత మా ఊళ్లో ఆడవాళ్లు పోటీ చేయడం వింత కాలేదు.

నా పెళ్లినాటికి పెద్దమ్మ లేదు. వితంతువు పీటల దగ్గరకు రాకూడదని గొణిగే చుట్టాలు మాత్రం ఉన్నారు. అమ్మను ఎవరూ పిలవలేదు. తనంతట తానే జనాన్ని తప్పించుకుని వచ్చి, అందరికన్నా ముందు అక్షింతలు వేసి, నా తల నిమిరింది. ఆ చెయ్యి ఈసారి వణకలేదు. ఆ నిబ్బరం ఎవరిచ్చారో నాకు తెలుసు. అదే నాకు పుట్టింటి సొత్తు.