ఎడమచేతి ముడి

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా అత్తగారు బతికుండగానే ఆమెకు భయపడలేదు, పోయాక భయపడతానా?

పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో వేటకెళ్లే కుటుంబం మాది. ఊరవతల, మడ అడవి అయిపోయేచోట, ఇసుక మిట్ట మీద తుమ్మలు, తాటిచెట్లు, ముళ్లపొదలతో కాస్త ఎండు అడవి మిగిలింది. దాన్ని కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వాలని బేరాలు నడుస్తున్నాయి. ఈలోగా అందులో ఏయే జంతువులున్నాయో చూడడానికి లావణ్య అనే అమ్మాయి, ఎదుట ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు తెచ్చింది. వాటిని చెట్లకు కట్టి, రోజూ చూసిరావడం నా పని.

నక్క పడింది, ముంగిస పడింది, కుందేలు పడింది. అడవిపంది అయితే కెమెరాకు మూతి ఆనించి మరీ ఫోటో దిగింది. బావురుపిల్లి మాత్రం లేదు. నీళ్లలో దిగి చేపలు పట్టే ఆ పిల్లి కోసమే లావణ్య ఇంత దూరం వచ్చింది.

“అక్కా, ఆదివారం లోపు ఒక్క ఫోటో అయినా రావాలండీ. లేకపోతే ఈ మిట్టను కొట్టనివ్వద్దని అధికారుల్ని గట్టిగా అడగలేం,” అంది.

పిల్లి నీళ్లకే కదా వస్తుందని ఒక కెమెరాను మిట్ట పక్కనున్న కాలవ వైపు కట్టాను. మర్నాడు వెళ్తే అది వెనక ఉన్న తాటిమొద్దు వైపు తిరిగి ఉంది. సరిచేశాను. మళ్లీ తిరిగింది. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి మా ఆయన్ని దులిపేశాను.

“నీ కెమెరాతో నాకేం పనే!” అన్నాడాయన.

అప్పుడు తాడు చూశాను. వల ముడే, కానీ నేను వేసింది కాదు. తిరగేసి ఉంది. ఎడమచేతివాటం వాళ్లు వేస్తేనే అలా పడుతుంది. మా ఊళ్లో అలా వేసేది మా అత్తగారొక్కతే. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ తాటిమొద్దు మీద కూర్చునే చేపలు కోసి, తలకాయలు పొదల్లోకి విసిరేది. నేను ఏది ఎక్కడ పెట్టినా “అటు కాదే, ఇటు పెట్టు” అని మార్చేది.

నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది. “సరే అత్తా, నీ మాటే కానీ,” అని పైకే అనేసి, కెమెరాను అలాగే వదిలేసి వచ్చాను.

ఆదివారం లావణ్య ఫోటోలు చూస్తూ ఒక్క కేక వేసింది. తల్లి బావురుపిల్లి, దానితో రెండు పిల్లలు! పట్టపగలు, ఆ మొద్దు ముందు వరసగా కూర్చున్నాయి. ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం. నాకు యాభై దాటాయన్న సంగతే మర్చిపోయాను. ఆ ఫోటో అధికారులు చూశాక బేరాలు ఆగాయి, మిట్ట నిలిచింది.

కెమెరా తిప్పిన చెయ్యి మాత్రం ఏ ఫోటోలోనూ లేదు. ఒకదాంట్లో కాలవ, తర్వాతిదాంట్లో మొద్దు, అంతే. గాలికి తిరిగిందేమో అన్నాడు మా ఆయన. గాలి వల ముడి వేస్తుందా?

పైగా ఆ ఫోటోలో మూడు పిల్లులూ తలలెత్తి, మొద్దు మీద ఖాళీగా ఉన్నచోటికే చూస్తున్నాయి, చేపలు కోసేవాళ్ల చేతికేసి చూసినట్టు.

ఇదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. కెమెరా మాత్రం మొద్దు వైపే కడుతున్నాను. ఆ రోజు నుంచీ నా ముడిని ఎవరూ విప్పలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు, మా అత్తగారు నా పనికి వంక పెట్టకపోవడం ఇదే మొదటిసారి.