రాణి గడ్డానికి దారం

అరబ్బు దేశంలో, అల్ హైల్‌లోని మా ప్లాస్టర్ బొమ్మల వర్క్‌షాపులో జగిత్యాల మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఏ విగ్రహం పూర్తయినా దాని చెంపను బొటనవేలితో ఒకసారి మెల్లగా తుడిచేవాడు. ఆ రోజు ఒక హోటలుకు పంపాల్సిన ఈజిప్టు రాణి చెంప తుడుస్తున్నాడు. హోటలువాళ్ళు ఇచ్చిన ఫోటోలో ఉన్న గడ్డం విగ్రహానికి లేదు. ఇంకో గంటలో మా యజమాని అర్బాబ్ వస్తాడు. సూపర్‌వైజర్ని కాబట్టి ముందు నన్నే నిలదీస్తాడు.

"ఆడామెకు గడ్డమేంది సార్? ఫోటో తప్పనుకున్న."

"తప్పు కాదు మేస్త్రీ! అక్కడి రాజులు పెట్టుడు గడ్డం కట్టుకునేవాళ్ళంట. ఈమె రాజై ఏలింది, అందుకే కట్టుకుంది. తొందరగా పెట్టు!"

ఆయన చెయ్యి ఆగింది. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లయిన మనిషి.

"ఊళ్లె మా ఇంటామె గూడ చీర మీద నా అంగీ తొడుక్కొనే పొలం పోతది సార్," అన్నాడు.

నేను గడియారం చూస్తూనే ఉన్నాను. గడ్డం అతికించాక ఊరుకోక, రాణి చెంపల మీదుగా చెవుల దాకా సన్నటి దారం చెక్కడం మొదలుపెట్టాడు. బయట కారు ఆగింది.

"ఫోటోలో దారం లేదు మేస్త్రీ!"

"ఇంటికొచ్చినంక ఈమె గూడ ఇప్పుకోవాలె గద సార్," అన్నాడు తల ఎత్తకుండా.