పదమూడో ఎక్కం

మా అరుగు మీది దూలానికి చెదలు పట్టిందని మొన్న వేసవిలో దాన్ని దింపించాం. వడ్రంగి నేల మీద దొర్లించేసరికి ఒకచోట తాడు ఒరిసి పడిన గాడి కనబడింది. వేలు పట్టేంత లోతుంది. అది నా మూలంగా పడిందే. ముప్పై ఏళ్ళు నేను ఆ అరుగు మీద బడి నడిపాను. ఆ దూలానికి కట్టిన తాడుకు ఊళ్ళో చాలామంది పిల్లలు వేళ్ళాడారు. వాళ్ళలో మా అబ్బాయి ఒకడు. వాడి సంగతి చెప్పాలని కూర్చున్నాను గాని, ముందు నా కాళ్ళ సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

చిన్నప్పుడు నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. మొండితనం అనుకునేవారు, అది కాదు. అన్నం తింటూ మధ్యలో లేచిపోయేవాణ్ణి. నీళ్ళు పోస్తుంటే తడి ఒంటితో వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. మా ఊరి పక్కన కాలవ తవ్వి అప్పటికి కొన్నేళ్ళే అయింది. అందులో పడతానని భయపడి మా అమ్మ నా నడుముకు పాత చీర ముక్క కట్టి, రెండో కొస స్తంభానికి ముడేసి వంట చేసుకునేది. "వీడి కాళ్ళల్లో చక్రాలున్నాయండి," అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. పెద్దాపురం అమ్మవారి జాతరకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. కట్టించిన పూటే నేను డప్పుల వెంట పడి తప్పిపోయాను. సాయంత్రానికి నేను దొరికాను గాని తాయెత్తు దొరకలేదు.

ఆరో ఏట వీధిబడిలో వేశారు. ఆ బళ్ళలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు వేలితో శ్రీ రాసేవారు. రెండోవాడికి చుక్క పెట్టేవారు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చిన వరసను బట్టి పెరుగుతూ పోయేవి. నాకు రోజూ శ్రీయే. చదువు మీద ప్రేమ ఏమీ లేదు. తెలివి వచ్చాక పక్క మీద పడుకుని ఉండలేకపోయేవాణ్ణి, అంతే. పొద్దున్న అందరికంటే బుద్ధిమంతుణ్ణి, ఎండెక్కేసరికి అందరికంటే పనికిమాలినవాణ్ణి.

ఇసుకలో అక్షరాలు దిద్దమంటే రెండు దిద్ది మూడోదానికి పక్కవాడి ఇసుక చెరిపేవాణ్ణి. అందుకు కోదండం వేసేవారు. చేతులు రెండూ పైకెత్తించి, దూలం నుంచి దిగిన తాడు మణికట్లకు చుట్టి, కాలి బొటనవేళ్ళు నేలకు అందీ అందకుండా వేళ్ళాడదీయడమే కోదండం. ఎంతసేపన్నదానికి గడియారాలు లేవు. మిగతా పిల్లలందరూ కలిసి ఒక ఎక్కం గట్టిగా చదవాలి. ఎక్కం అయిపోతే వేళ్ళాడేవాణ్ణి దింపాలి. చిన్న తప్పుకు రెండో ఎక్కం, పెద్ద తప్పుకు పదమూడో ఎక్కం. మా పంతులుగారు కోపిష్టి. అయినా ఎక్కం ముగిసిన మరుక్షణం "దిగరా" అనేవారు, ఒక్కనాడూ మరిచిపోలేదు. అది గొప్ప సంగతని నాకు అప్పుడు తెలియదు.

పద్ధెనిమిదో ఏడు వచ్చేసరికి నా కాళ్ళు వాటంతట అవే ఆగాయి. ఎవరూ ఏమీ చెయ్యలేదు. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు చివరిదాకా కూర్చున్నాను. పురాణం చెప్పే చోట గంటలకొద్దీ కదలకుండా ఉన్నాను. "కుర్రాడికి నిదానం వచ్చిందండి," అని మా నాన్నగారితో అంతా అన్నారు. అమ్మవారి మహిమేనని మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

నిదానం రాలేదు. కాళ్ళల్లో ఉన్నది తలలోకి ఎక్కింది. పురాణం చెప్పే చోట కూర్చున్నాను గాని ఒక్క ముక్క వినలేదు. చిన్నప్పుడు నేను పారిపోతే అందరికీ కనబడేది, వెనకాల ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవారు. పెద్దయ్యాక పారిపోయినా కూర్చున్నట్టే కనబడేవాణ్ణి. పట్టుకురావడానికి ఎవరూ రాలేదు.

ఒక ఏడు తొలకరిలో మా నాన్నగారు నారుమడికి నీళ్ళు పెట్టి రమ్మన్నారు. చేసేది పెద్ద పనేం కాదు. గట్టుకు గండి కొట్టి నీళ్ళు వదలాలి, మొలక తడిశాక మళ్ళీ మట్టి వేసి కట్టెయ్యాలి. నేను గండి కొట్టి గట్టు మీద కూర్చున్నాను. తర్వాత ఇంటికొచ్చి భోంచేశాను. మధ్యలో ఏమైందో ఇప్పటికీ తెలియదు. మర్నాటికి నారంతా మునిగి కుళ్ళిపోయింది. మా నాన్నగారు తిట్టలేదు. "నీకు మట్టి పని అచ్చిరాదురా. నాలుగక్షరాలు వచ్చు కదా, అరుగు మీద పిల్లలకి చెప్పుకో," అన్నారు. అలా పంతులునయ్యాను.

పంతులుగా నేను పొద్దున్నే లేచేవాణ్ణి గాని అరుగు మీదికి వచ్చేది ఎప్పుడో. పుల్లతో పళ్ళు తోముకుంటూ కొబ్బరిచెట్టు మీద ఉడతను చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. వచ్చేసరికి పిల్లలంతా ఉండేవారు. ఎవడు ముందొచ్చాడో, శ్రీ ఎవడికి రాయాలో వాళ్ళనే అడగాల్సి వచ్చేది. పదిమందీ నేనంటే నేననేవారు. ఆరునెలల్లో మా బడిలో ఆ ఆచారం పోయింది. కోదండం మాత్రం ఉంది.

నా సంగతి పూర్తిగా తెలిసింది మా ఆవిడ ఒక్కదానికే. ముఖ్యమైన మాట చెప్పాలంటే ముందు వచ్చి నా మణికట్టు పట్టుకునేది. "ఇది వినండి," అని, నేను తన కళ్ళలోకి చూసేదాకా ఆగి, అప్పుడు చెప్పేది. పట్టుకోకుండా చెప్పిన మాటలకు నేను ఊఁ అన్నా వాటిని లెక్కలో వేసుకునేది కాదు. ఆమె నా మీద విసుక్కోలేదు. నాకు మాత్రం నా మీద విసుగ్గా ఉండేది, ఆమె మీద చూపించేవాణ్ణి.

మా అబ్బాయికి ఏడేళ్ళు వచ్చేసరికి వాడు అచ్చం నేనే. మా అమ్మ అప్పటికి కళ్ళు కనబడక మూలన కూర్చునేది. వాడి అడుగుల చప్పుడు విని "ఒరేయ్, ఇటు రారా," అని నా పేరు పెట్టి పిలిచేది. మా ఆవిడ వాడికి పనులు కల్పించేది. కాలవ నుంచి చిన్న చెంబుతో నీళ్ళు తెచ్చి గోలెం నింపమనేది. పది తిరుగుళ్ళు తిరిగాక వాడు వచ్చి కాసేపు కుదురుగా రాసుకునేవాడు. అది పనిచేస్తోందని నాకు కనబడుతూనే ఉంది.

ఒకరోజు పొద్దున మోతుబరి రైతు ఒకాయన కొడుకును బడిలో దింపడానికి వచ్చాడు. మా అబ్బాయి పక్కవాడి పలక లాక్కుని గెంతుతున్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు, "మావాణ్ణయితే తాడుకి కట్టేస్తారు. మీవాడికి తాడు అందదేంటండి పంతులుగారూ?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఇంకా మెట్టు దిగకుండానే వాణ్ణి పిలిచి మణికట్లకు తాడు చుట్టాను. పదమూడో ఎక్కం చదవమన్నాను. పిల్లలు మొదలుపెట్టారు.

అప్పుడు కాలవలో ఒక పడవ వస్తోంది. నిండా కుండలు. గట్టు మీద ఇద్దరు మనుషులు మోకు భుజాన వేసుకుని లాగుతున్నారు. ముందు మనిషి కొంచెం కుంటుతున్నాడు. కుంటా, లేక గట్టు అటు వాలి ఉందా అని నేను చూడడం మొదలుపెట్టాను. వెనకాయన సరిగానే నడుస్తున్నాడు కాబట్టి గట్టు కాదనుకున్నాను. మళ్ళీ, వెనకాయన పొడుగు కాబట్టి వాలు తెలియదేమో అనుకున్నాను. కుండల మధ్య గడ్డి పెట్టారా లేదా అని చూశాను. పడవ వంపు తిరిగే చోట మోకు రేగుచెట్టుకు తగులుకుంటే విడిపించుకున్నారు. ఇవన్నీ నాకు ఈరోజుకీ పూసగుచ్చినట్టు గుర్తున్నాయి. నా పక్కన ఏం జరిగిందో అందులో ఏదీ గుర్తులేదు.

ఎక్కం అయిపోయింది. నేను దిగమనలేదు. పిల్లలకు నన్ను పిలవాలంటే భయం, చదవడం ఆపాలన్నా భయం. అందుకని మొదటి నుంచి మళ్ళీ చదివారు. అదీ అయింది. మళ్ళీ చదివారు. వంటింట్లో ఉన్న మా ఆవిడ ఒకే ఎక్కం ఆరోసారి వినబడితే చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. వాణ్ణి భుజం మీదికి ఎత్తి పట్టుకుని తాడు విప్పింది. తర్వాత వచ్చి పిండి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. నేను ఆమె కళ్ళలోకి చూశాను. ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు. వదిలేసి లోపలికి వెళ్ళింది.

వాడు ఏడవలేదు. చేతులు నల్లబడ్డాయి. ఆముదం రాసి కాపడం పెడితే రంగు తిరిగింది. కుడిచేతి చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మాత్రం తిమ్మిరి వదల్లేదు. వారం చూశాం, నెల చూశాం. వైద్యుడొచ్చి సూదితో గుచ్చితే వాడు మరోవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఆవిడ వాడి అన్నం విస్తట్లో పరిచి, తన వేలు పెట్టి చూసి, చల్లారిందంటేనే తిననిచ్చేది. ఆ రెండు వేళ్ళూ కాలినా వాడికి తెలియదు కదా.

ఇంకొకటి కూడా జరిగింది. మా అబ్బాయి కుదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. పద్ధెనిమిదేళ్ళదాకా ఆగలేదు, ఏడో ఏటనే. పలక ముందు పెట్టుకుని గంటలు గంటలు ఉండేవాడు. ఆ మోతుబరి ఆయనే వచ్చి "చూశారా, బుద్ధిమంతుడైపోయాడు," అన్నాడు. నేను అవునన్నాను. నాకు బాధ కలగాలి. కలుగుతుందని చాలా రోజులు ఎదురుచూశాను. వేళ్ళు వాడివి మొద్దుబారాయి, లోపల మొద్దుబారింది నాది. తాడు మాత్రం ఆ సాయంత్రమే విప్పి పొయ్యిలో పెట్టాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బడి నడిపినా మళ్ళీ కట్టలేదు. కాలిన తాడుతో ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి. కాలవ గట్టు వెంట నడిచి గండ్లు చూసుకునే ఉద్యోగం. మనిషి నెమ్మది. మాట మధ్యలో ఆగిపోయి ఎటో చూస్తాడు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది గనక ఇప్పుడు మా ఇంట్లో మణికట్టు పట్టుకునేవాళ్ళు లేరు. దూలం దింపిన రోజున సాయానికి వచ్చాడు. వడ్రంగి వెళ్ళాక మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. వాడు ఎడమచేతి వేలు ఆ గాడిలో పెట్టి అటూ ఇటూ రాస్తున్నాడు. ఇన్నేళ్ళకు నేను అడిగాను.

"ఆ రోజు నన్ను పిలవలేదేరా?"

ఏ రోజని వాడు అడగలేదు. "మీరు పడవ చూస్తున్నారు కదండీ," అన్నాడు.

"చూస్తే? పిలిస్తే ఇటు తిరిగేవాణ్ణి కదా."

"అందుకేనండి. తిరిగితే మళ్ళీ కోపంగా ఉంటారు. అప్పుడు మీ మొహంలో కోపం లేదు, నాన్నగారూ." కాలవ వైపు తిరిగాడు. "నేనూ పడవే చూశానండి. చూస్తుంటే చేతుల సంగతి తెలియడం మానేసింది. అదే మొదటిసారి, ఒంటిని ఇక్కడ వదిలేసి వెళ్ళడం. మిమ్మల్ని చూసే నేర్చుకున్నాను."

మా ఆవిడ నాకు చేసినట్టు వాడి మణికట్టు పట్టుకుందామని చెయ్యి చాపాను. అలవాటు లేని పని కదా, వేళ్ళు దొరికాయి. కుడిచేతివి, ఆ రెండే. వాటిని గట్టిగా పట్టుకున్నాను. వాడు కాలవ వైపు చూస్తూనే ఉన్నాడు.