బిస్కెట్ల డబ్బాలో పదహారు చీటీలు

గనిలోకి దిగిన మనిషి తిరిగి పైకి వచ్చాడో లేదో తేల్చి చెప్పేది ల్యాంపు రూములో కూర్చున్న సదానందమేనని గోదావరిఖనిలో షిఫ్టు షిఫ్టంతా నమ్మేది. దిగేటప్పుడు ప్రతివాడికీ ఒక బత్తి, నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ. పైకొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్లే తమ చేత్తో అప్పజెప్పాలి. "మావోడు ఎనకస్తుండే అన్నా, ఆని బిళ్ళ గూడ తీస్కో" అన్నవాడికి ఆ పూట మూడినట్టే. ముప్పై రెండేళ్లు ఈ పనే చేశాడు.

ఒకసారి షిఫ్టు ముగిసే వేళకు ఒక్క బిళ్ళ తక్కువొచ్చింది. "ఆడు ఎప్పుడో ఇంటికి పోయిండు తియ్" అని అందరూ అన్నా వినకుండా రచ్చరచ్చ చేసి మనుషుల్ని మళ్లీ లోపలికి పంపించాడు. బొగ్గు పెళ్ల కింద కాలు ఇరుక్కున్న కూలీ ప్రాణాలతో దొరికాడు. ఆ కథ వినని చెవి కాలనీలో లేదు. సదానందం దాన్ని పెళ్లిళ్లలో చెప్పాడు, దినాల భోజనాల్లోనూ వదల్లేదు. మొదట్లో అతని భార్య పూలమ్మ పక్కనే కూర్చుని తలాడించేది. తర్వాత్తర్వాత కథ మొదలవగానే లేచి వంటింట్లోకి పోయేది.

అతను రిటైరైన ఏడాదికి, కాలనీలో పొద్దున్నే నడిచేవాళ్లంతా కలిసి ఒక ఆదివారం రామగిరి గుట్టల అడవికి బయల్దేరారు. సీతాఫలాల కాలం. పదహారు మంది, రెండు తూఫాన్ బండ్లు. సదానందం ఊరుకుంటాడా? అట్టముక్కల మీద నంబర్లు రాసి తలా ఒకటి ఇచ్చాడు. దిగొచ్చాక వాటిని తన చేతిలోని బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. అన్నీ పడ్డాక పొడుగ్గా ఒక ఈల ఊదుతాడు. అంటే అందరూ వచ్చినట్టు, బండ్లు కదలొచ్చు.

ఎక్కుతుంటే మేకల కాపరి ఒకడు ఎదురై, "పండ్లకు ఎలుగొడ్లు అస్తున్నయ్, పొద్దుండంగనే దిగుండ్రి" అని ఎలుగుబంట్ల గురించి హెచ్చరించాడు. పాత కోట గోడల దగ్గర సద్దులు తిని, మధ్యాహ్నం దాటాక తిరుగుముఖం పట్టారు. దిగేటప్పుడు ముందువాళ్లు ముందు, వెనకవాళ్లు వెనక అయిపోయారు.

నాలుగున్నరకు సదానందం గుట్ట కింద డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పక్కన రాంప్రసాద్ ఉన్నాడు. కోస్తా నుంచి ఈ మధ్యే కాలనీకి వచ్చిన ఇంజనీరు. కథ వినని మనిషి దొరకడమే అపురూపం కదా, సదానందం బిళ్ళ కథ ఎత్తుకున్నాడు. చూపు ఇంజనీరు మొహం మీద, చెయ్యి డబ్బా మీద. చీటీలు పడుతూనే ఉన్నాయి. కథ అయ్యాక లెక్కపెట్టాడు. పదహారు. ఈల ఊదాడు.

ఎనిమిది కిలోమీటర్లు వచ్చాక చాయ్ తాగడానికి ఆగారు. రెండు గ్లాసులు పట్టుకుని సదానందం భార్య కోసం చూశాడు. తనెక్కిన ముందు బండిలో లేదు, వెనక బండిలో ఆడవాళ్లతో ఉందనుకున్నాడు. అందులోనూ లేదు.

"పూలమ్మ ఏది?"

రాంప్రసాద్ భార్య చంద్రమతి మొహం పాలిపోయింది. "మీ బండిలో లేదా అన్నయ్యగారూ? 'నాలుగు పళ్లు కోసుకొస్తాను, ఆలస్యమైతే మా ఆయన అందరి ముందూ అరుస్తాడు, నా చీటీ కూడా వేసెయ్' అందండీ. మీరు మాటల్లో ఉన్నారు కదా, రెండూ కలిపి వేసేశాను. వెనకాలే వచ్చేసి ఉంటుందనుకున్నాను."

ఆమెను తిట్టబోయి ఆగాడు. డబ్బా పట్టుకున్నది తనే. పూలమ్మ ఫోను కూడా తన సంచిలోనే ఉంది.

బండి వెనక్కి తిప్పారు. గుట్ట దగ్గరికి చేరేసరికి అయిదుంబావు. ఇంకో అరగంటయితే చెట్ల కింద ఏమీ కనబడదు. సదానందం పరుగులాంటి నడకతో ఎక్కాడు, వెనక రాంప్రసాద్ రొప్పుకుంటూ వస్తున్నాడు. ఈల నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. దాని అర్థం అందరూ వచ్చారని. అది వింటే ఆమె ఏమనుకుంటుంది? ఈల జేబులో పడేసి పేరు పెట్టి పిలిచాడు. పొదల్లో ఏదో కదిలినప్పుడల్లా ఎలుగుబంటేమోనని ఆగి చూశాడు. గనిలోనైతే తప్పిపోయిన మనిషి నెత్తిన బత్తి అయినా ఉంటుంది. పూలమ్మ దగ్గర అదీ లేదు.

రెండో మలుపు దాటాక బాట పక్క పల్లంలో చీర రంగు కనబడింది. బండకు ఆనుకుని కూర్చుని ఉంది. చీలమండ వాచిపోయింది, చుట్టూ సీతాఫలాలు చితికి పడున్నాయి. బతికే ఉందన్న సంతోషం అతనికి కోపంలా తన్నుకొచ్చింది.

"ఒక్క కేక పెడితే ఇంటుంటిమి గదనే! నోరు లేదా నీకు?"

"పెట్టిన," అంది పూలమ్మ. గొంతు బొంగురుపోయింది. "కాలు మడతవడ్డకాన్నుంచి పెడుతనే ఉన్న. గంతల నీ ఈల ఇనచ్చింది. ఇగ ఆపేసిన."

"ఎందుకాపినవే?"

"నీ లెక్క తప్పదని నాకంటె ఎక్కువ ఎవలకెరుక? నువ్వే అందరచ్చిండ్రని ఈల ఊదినంక, ఇగ నా కోసం ఎవలత్తరు?"

సదానందం ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. పైన బాట మీద రాంప్రసాద్ ఏం చెయ్యాలో తోచక మొహం తిప్పుకున్నాడు. పూలమ్మ మొగుణ్ణి ఊరుకోబెట్టలేదు. చెయ్యి చాపింది.

"లేపు నన్ను. పొద్దు పోతున్నది."