ఆమె తలమీద నా చెయ్యి

మా కొండమీద ఎవరైనా బాధ చెప్పుకోవడానికి పాస్టరు దగ్గరికి వస్తే, పాస్టరు వాళ్ల తలమీద చెయ్యి పెడతాడు. చెయ్యి పడగానే వాళ్లు మాట ఆపి కళ్లు మూసుకుంటారు. ఆమెన్ అన్నాక మళ్లీ ఆ బాధ ఎత్తితే నమ్మకం లేనట్టే. ఈ పద్ధతి నేర్పింది నేనే. జి.మాడుగుల అవతల పన్నెండేళ్లుగా ఇదే నా పని. నాది పెద్ద గొంతని పేరు కూడా ఉంది.

పోయిన కాఫీ కోతలప్పుడు మా సంఘంలోని ఒక పెద్దావిడ మూడుసార్లు వచ్చింది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి.

"మా గుంటకి కాళ్లు వాసిపోనాయి అయ్యగారూ. కళ్లు తిరుగుతన్నాయంటాది. అల్లుడేమో..."

అక్కడే చెయ్యి పెట్టేశాను. అల్లుడు అనగానే తాగుడు గొడవ అనుకున్నాను, మా దగ్గరికొచ్చే బాధల్లో సగం అవే మరి. ప్రార్థన బాగా చేశాను, నా కళ్లే చెమర్చాయి. ఆమె ఆమెన్ అని వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి గుమ్మంలోంచే గబగబా మొదలుపెట్టింది. నాకు పక్క ఊళ్లో ప్రార్థన కూడిక ఉంది, అందుకని చెయ్యి ఇంకా తొందరగా పెట్టాను. ఎదుటివాళ్ల మాట వినడం గురించి ఆ ముందు ఆదివారమే గంటసేపు ప్రసంగం దంచినవాణ్ణి.

వారం తిరగకుండా ఆ పిల్లకి ఫిట్స్ వచ్చాయి. డోలీ కట్టి కిందికి మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

మట్టి వేశాక అల్లుడు నా పక్కకి వచ్చాడు. అతను చుక్క ముట్టని మనిషని అప్పుడే తెలిసింది.

"ఆసుపత్రికి వద్దన్నది నేనే అయ్యగారూ. మీ సేత నాకు సెప్పిత్తానని అత్త మూడుసార్లు ఒచ్చింది. మీరు పార్థన సేసి పంపించీసినారంటే, అదే సాలనుకున్నాను. మీరొక్క మాటంటే పంపీసేవోణ్ణి."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరొచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని, ఆఖరి మాటదాకా వింటాను. మంచి మార్పే అంటుంది మా ఆవిడ. ఎవరికి మంచి? దేవుడు క్షమిస్తాడని ఇంతమందికి చెప్పాను, నాకు నేను చెప్పుకోబోతే గొంతు రావడం లేదు.

మొన్న ఆ తల్లి ఇంటికి వెళ్లాను. వాకిట్లో కాఫీ గింజలు ఎండబోస్తోంది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"ఈరోజు ప్రార్థన చెయ్యనమ్మా. నువ్వు చెప్పు, వింటాను. ఎంతసేపైనా సరే."

ఆమె గింజలు కదుపుతూనే ఉంది.

"ఇప్పుడేటి సెప్పమంటారు అయ్యగారూ," అంది.

తర్వాత చేతులు దులుపుకుని, నేను నేర్పినట్టే కళ్లు మూసుకుని, నా ముందు తల వంచింది.